చిన్నమ్మ చీటీ

నిద్ర పట్టట్లేదు, అందుకే రాస్తున్నా. చిన్నమ్మకు ఇవాళ్టి కీమో బాగానే అయింది. బస్సులో చిట్యాల దాకా పడుకుంది, రాత్రి పచ్చిపులుసుతో అన్నం తిన్నది. వాంతులు లేవు.

నా బాధ ఆ చిన్న డాక్టరు గురించి. అప్పటిదాకా ‘అమ్మా’ అని ఆమెతోనే మాట్లాడినవాడు ఫైల్లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి చీటీ కనపడగానే నా వైపు తిరిగాడు. “గొడవ చేస్తదా? సంతకం పెడ్తదా? చెప్తే అర్థమైతదా?” ఎదురుగా కూర్చున్న మనిషిని వదిలేసి! “నన్నడుగుండ్రి సార్” అంది చిన్నమ్మ. అయినా నన్నే చూశాడు. మానసిక జబ్బు ఉన్నవాళ్లకు ఏ వైద్యమైనా మిగతా రోగులతో సమానంగా అందాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్‌లో రాసే ఉంది.

ఇది కొత్త కాదు. నిరుడు బతుకమ్మకు తంగేడు పూలు పేరుస్తూ చిన్నమ్మ చేయి ఆపి, చంక కింద వేళ్లతో ఒత్తి చూసుకుంది. “రాయి లెక్క ఉన్నది బిడ్డా.” మర్నాడు తీసుకుపోతే, టౌన్లో ఆ పెద్ద డాక్టరు చేయి పెట్టి కూడా చూడలేదు. పాత చీటీలు తిరగేసి, “వీళ్లకు ఇట్లాంటివి అనిపిస్తుంటయి, గోలీలు ఆపకుండ్రి” అన్నాడు. ఆమెకు గొంతులు వినిపిస్తాయి, నిజమే. కానీ గొంతు వేరు, చేతికి తగిలే గడ్డ వేరు అన్నది ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. బయటికొచ్చాక నా చేయి పట్టుకుని అక్కడ పెట్టుకుంది. గట్టిగా, కదలకుండా ఉంది. ఇంకో డాక్టరమ్మ సూది పరీక్ష రాసేసరికి దీపావళి దాటింది.

వచ్చేసారి ఆ చీటీ ఫైల్లో పెట్టొద్దనుకున్నా, బస్సులో దారంతా అదే ఆలోచన. కానీ అట్లా కుదరదు. ఆ గొంతులకు ఆమె వేసుకునే గోలీ క్లోజపైన్. రోగాలతో పోరాడే తెల్లకణాలను అది తగ్గించొచ్చు, కీమో ఎలాగూ తగ్గిస్తుంది. ఒక డాక్టరు ఇచ్చే మందు ఇంకో డాక్టరుకు తెలియకపోతే జ్వరం వచ్చిన రోజు ఆమె గతేంటి?

పక్క మంచం ఆమెకు వాంతులు రాకుండా ఒలాంజపైన్ ఇచ్చారు. చిన్నమ్మ ఒకప్పుడు ఆ గొంతులకు ఏళ్లపాటు వేసుకున్న గోలీయే అది. ఆ పక్క మంచం ఆమె గొడవ చేస్తదా అని మాత్రం ఎవరూ అడగలేదు.

చీటీ ఫైల్లో అన్నిటికంటే పైనే పెడతా. ఇద్దరు డాక్టర్లూ ఫోన్లో మాట్లాడుకోవాలని పట్టుబడతా. సంతకం కాగితం చిన్నమ్మ చేతికే ఇమ్మంటా. ఇంటిపేరుతో సహా పూర్తిగా రాస్తుంది ఆమె.