ఉదయగిరి కొండ కింద ఎం 83

నెల్లూరులో మేడ మీద టెలిస్కోపు పెడితే చంద్రుడు, గురుడు, శని బాగానే కనబడతాయి. గెలాక్సీలే దక్కవు. టౌను వెలుగు ఒకపక్క, తూర్పున రొయ్యల గుంటల లైట్లు ఇంకోపక్క. అందుకని మార్చి అమావాస్య చూసుకుని, మా బావమరిది కారులో సామానంతా సర్దుకుని బుచ్చిరెడ్డిపాళెం, సంగం, ఆత్మకూరు దాటి ఉదయగిరి పోయాము.

1514లో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర గెలుచుకున్న దుర్గం అది. అలాంటి కొండ కింద పొద్దుపోయాక గొట్టాలు, బ్యాటరీలు దించుకుంటుంటే చూసేవాళ్లకు ఏమనిపిస్తుందో వేరే చెప్పాలా? కంది కోసేసిన చేలో చోటిచ్చిన పెద్దాయనే టార్చి వేసుకుని వచ్చాడు. "అబ్బయ్యా, నిధుల కోసమైతే ఇప్పుడే చెప్పండి. నా చేలో గుంతలు తవ్వితే ఊరుకోను."

రాత్రి సగం పని ధ్రువ నక్షత్రంతోనే. భూమి తిరుగుడుకు తగ్గట్టు టెలిస్కోపు తిరగాలంటే దాన్ని మోసి తిప్పే మౌంటు ఇరుసు ఆకాశపు ధ్రువానికి గురిపెట్టాలి. మన దగ్గర ధ్రువుడు ఉండేది 15 డిగ్రీల ఎత్తులో, దుమ్ములో మునిగి. మౌంటును అంత కిందికి వంచితే బరువు కట్టిన కడ్డీ స్టాండు కాలికి తగులుతుంది. మధ్యలో ఓ చిన్న పిల్లర్ బిగిస్తే గానీ కుదరలేదు. ఐరోపా వాళ్లు రాసే సూచనల్లో ఈ తిప్పలు ఉండవు, వాళ్ల ధ్రువుడు ఎక్కడో పైన ఉంటాడు.

కానీ ధ్రువుడు దిగినంత మేర దక్షిణాకాశం మనకు పైకి వస్తుంది. నేను వచ్చింది అందుకే. చిత్త నుంచి దక్షిణానికి చెయ్యి చాచి రెండు పిడికిళ్లు కొలిస్తే ఎం 83 అనే గెలాక్సీ ఉండే చోటు. 1752లో ఫ్రెంచి ఖగోళవేత్త లకాయ్ దీన్ని కనిపెట్టింది ఆఫ్రికా దక్షిణ కొస నుంచి. 1781లో ఇంకో ఫ్రెంచి ఖగోళవేత్త మెస్సియే (ఎం 83లో 'ఎం' ఆయన పేరే) పారిస్ నుంచి చూసి, కష్టం మీద కనబడుతోందని రాసుకున్నాడు. అక్కడ అది 11 డిగ్రీలకు మించి లేవదు, ఉదయగిరిలో 45 డిగ్రీలు! ఒంటి గంట దాటాక సరిగ్గా దక్షిణాన నిలబడింది.

ఆరంగుళాల అద్దం, మామూలు డీఎస్ఎల్ఆర్ కెమెరా, ఫొటోకు రెండు నిమిషాల ఎక్స్‌పోజరు. మొదటిది తెర మీద చూపిస్తే పెద్దాయన, "ఈ మరక కోసమా ఇంత దూరం వచ్చింది?" అన్నాడు. ఆ మరక నుంచి వెలుగు బయల్దేరి దాదాపు కోటిన్నర ఏళ్లయిందని చెప్పాను. పెద్దగా నమ్మినట్టు లేదు. ఇంకా దక్షిణాన ఒమేగా సెంటారి అనే చుక్కల గుంపు మామూలు కంటికే మసగ్గా కనబడుతుంటే అది మాత్రం నచ్చింది, కెమెరా ఏదీ అక్కర్లేదు కదా.

ఇంటికొచ్చి, చుక్కలు సాగిపోయిన ఫొటోలు తీసేసి మిగతావి ఒకదాని మీద ఒకటి పేర్చాను. ఫొటోలు నాలుగింతలైతే వాటిలోని గరుకు (నాయిస్) సగమవుతుంది, ఇందులో రహస్యం అంతే. నడిమధ్య అడ్డపట్టీ తేలింది, దాని కొసల నుంచి రెండు చేతులు, వాటి వెంబడి చుక్కలు పుట్టే గులాబీ మబ్బులు. పెద్ద చుక్కలు అంత జోరుగా పుట్టేచోట చావులూ ఎక్కువే: ఇరవయ్యో శతాబ్దంలో ఇందులో ఆరు సూపర్‌నోవాలు, అంటే చుక్కలు పేలిపోవడాలు, కనబడ్డాయి. మన పాలపుంతలో మామూలు కంటికి కనబడిన చివరిది 1604 నాటిది. అందుకే పాత ఫొటోలు పక్కన పెట్టుకుని కొత్త చుక్క ఏదైనా ఉందేమోనని వెతికాను. లేదు.

ఏప్రిల్ నెలాఖరుకైతే ఎం 83 పదకొండున్నరకే దక్షిణాన నిలబడుతుంది, తెల్లవార్లూ మేలుకునే పని లేదు. ఎండల దుమ్ము లేస్తే మాత్రం మార్చి నెలే మేలు.