సగటు లెక్కలో మాయమైన మోత

మా వీధి బైకుల్లో, లోపలి మోత తగ్గించే భాగం లేని చివరి ఖాళీ సైలెన్సర్ నిన్న ఊడింది. దాని చోట కంపెనీ సైలెన్సర్ వచ్చింది. రాత్రి ఆ బండి మా కిటికీ కిందనుంచే పోయిందట, పొద్దున ఆ కుర్రాడు చెప్పేదాకా నాకు తెలియదు. ఆ సంతోషంలోనూ, ఒక ఆఫీసు మీద ఇంకా చల్లారని కోపంలోనూ ఇది రాస్తున్నాను.

సంతకాలు పెట్టించడం తేలికే. రాత్రిపూట ఆ మోతకు ఉలిక్కిపడి లేవని ఇల్లు మా వరసలో లేదు. అర్జీ రాయడం ఇంకా తేలిక. చిక్కు కాలనీ సంఘంతోనే మొదలైంది. సెక్రటరీ గారు విరుగుడంటూ స్పీడ్ బ్రేకర్లు వేయించారు. బండి దాని ముందు నెమ్మదిస్తుంది, దాటగానే యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పుతారు. ఒకే వేగంతో సాగిపోయే బైకు కన్నా ఆగి ఊపందుకునే బైకు ఎక్కువ మోత పెడుతుందని చెప్పడానికి ఇంజినీరు అక్కర్లేదు. వాటిలో ఒకటి సరిగ్గా మా పడగ్గది ఎదుట పడింది. వద్దని ముందే చెప్పాను, మినిట్స్‌లో రాయించాను కూడా.

ఇక మేం అర్జీ ఇచ్చిన ఆఫీసు. శబ్దం కొలవడానికి మనిషిని పంపుతామన్నారు. పంపారు, మిట్టమధ్యాహ్నం! ఆ బైకుల కుర్రాళ్లంతా కాలేజీల్లో, ఉద్యోగాల్లో ఉండే వేళ. ఆయన గేటు దగ్గర స్టాండు మీద మీటరు పెట్టి, కాసేపు ఫోను చూసుకుని, కాగితం మీద ఒక అంకె వేశారు. "మీ వీధి చాలా ప్రశాంతంగా ఉందమ్మా, అదృష్టవంతులు" అన్నారు. రాత్రి రమ్మన్నాను. అది డ్యూటీ టైము కాదన్నారు. ఫోనులో రికార్డు చేసినవి చూపిస్తే, ఫోను కొలత చెల్లదన్నారు. ఆ ఒక్క మాట నిజమే. ఫోను మైకు మనిషి గొంతు కోసం చేసింది, పెద్ద మోత వస్తే తనంతట తానే స్థాయి తగ్గించేసుకుంటుంది.

రిపోర్టు కోసం వెళ్లినప్పుడు అసలు అవమానం జరిగింది. పై అధికారి గది నిండా జనం. ఆయన కాగితం తిరగేసి, "సగటు పరిమితి లోపలే ఉందమ్మా. చెవుల డాక్టరుకు ఎప్పుడైనా చూపించుకున్నారా? కొంతమందికి వయసుతోపాటు చిన్న చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తుంది" అన్నారు. గదంతా నవ్వింది. నాతో వచ్చిన పక్కింటాయన కూడా నవ్వారు. అర్జీలో మొదటి సంతకం ఆయనదే!

ఆ రాత్రి సగటు అంటే ఏమిటో కూర్చుని లెక్కవేశాను. రోజంతా 50 డెసిబెల్ ఉండే వీధిలో ఒక బైకు పది సెకన్లపాటు 90 డెసిబెల్ మోత పెట్టిందనుకుందాం. ఇరవై నాలుగు గంటల సగటు ఎంతవుతుందో తెలుసా? 53. పిల్లలు ఏడ్చి లేచారు, ముసలివాళ్లకు గుండె దడ పట్టుకుంది, కాగితం మీద మాత్రం మూడు డెసిబెల్లే పెరిగింది. సగటు అనేది హైవే పక్కన ఇళ్లకు పనికొచ్చే కొలత. నిద్రను చెడగొట్టేది ఒక్కో మోత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో పడగ్గదికి రెండు అంకెలున్నాయి: రాత్రి సగటు 30 డెసిబెల్, ఒక్కో మోతకు గరిష్ఠంగా 45. ఆ పేజీ ప్రింటు తీసుకుని మళ్లీ వెళ్లాను.

"మీ మీటరులో గరిష్ఠ రీడింగు కూడా ఉంటుంది కదా సార్, అది ఇవ్వండి" అన్నాను. ఈసారి నవ్వలేదు. గుమస్తాను పిలిచారు. గుమస్తా ఫారం తెచ్చారు. ఇద్దరూ కాసేపు దాన్ని చూశారు. "ఆ కాలమ్ మా ఫారంలో లేదమ్మా" అన్నారు. మిషనులో ఉన్న అంకె, రాసుకునే గడి లేక, ప్రభుత్వం దృష్టిలో లేకుండా పోయింది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన టీచరునండీ నేను, ఇలాంటి సున్నా ఎప్పుడూ చూడలేదు.

అక్కడితో శబ్దాన్ని వదిలేసి సైలెన్సర్‌ను పట్టుకున్నాను. ఎవరైనా ఈ గొడవలోకి దిగుతుంటే మొదటే ఇటు రండి. కంపెనీ నుంచి వచ్చిన బండి మరీ అంత అరవదు. బైకుల మోత మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన 41వ నిబంధన నాలుగో సవరణల వరస ప్రకారం, శక్తి ఎక్కువున్న బైకు అయినా పరీక్షలో 7.5 మీటర్ల దూరంలో 77 డెసిబెల్ దాటకూడదు. మోతంతా సైలెన్సర్ లోపల శబ్దాన్ని తగ్గించే ముక్క, అంటే డీబీ కిల్లర్, పీకేయడం వల్లో, ఖాళీ గొట్టం బిగించడం వల్లో వస్తుంది. దాన్ని పట్టుకోవడానికి మీటరు అక్కర్లేదు, కళ్లు చాలు. ఆ నిబంధనలు పాటించే దేశాల్లో ఆమోదం పొందిన సైలెన్సర్ మీద వలయంలో ఇంగ్లిష్ 'ఈ' అక్షరం, పక్కన ఒక అంకె ముద్రించి ఉంటాయి. కొలవాలన్నా తేలికే: నిలబెట్టిన బండికి గొట్టం చివర నుంచి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మైకు పెడతారు. సగటు గోల ఉండదు.

వాహనాలు తనిఖీ చేసే ఆఫీసుకు 'శబ్దం' అనే మాటే లేకుండా, 'అనుమతి లేని విడిభాగం' అని రాసిచ్చాను, ఫొటోలతో సహా. ఒక సాయంత్రం వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. పని అయిపోయింది.

కుర్రాళ్లు చెడ్డవాళ్లేం కాదు. "ఆంటీ, సౌండ్ ఉంటేనే ముందున్న కార్లవాళ్లు చూస్తారు, సేఫ్టీ" అన్నాడొకడు. గొట్టం ఎటు చూస్తుందిరా అని అడిగాను. వెనక్కి. మోత ఎక్కువగా వినేది నువ్వు దాటేసినవాళ్లూ, మేమూ. ఇంజిన్ ట్యూనింగ్ లేకుండా గొట్టం మారిస్తే పవర్ పెరగడం అటుంచి, తక్కువ స్పీడులో లాగుడు తగ్గొచ్చని వాళ్ల మెకానిక్ చేతే చెప్పించాను. ఆ కుర్రాడి ముఖం చూడాల్సింది.

డబుల్ అద్దాల కిటికీలు అమ్మేవాళ్లు మధ్యలో వస్తారు, తొందరపడకండి. కీచుమనే శబ్దాన్ని అవి బాగానే ఆపుతాయి, సైలెన్సర్ గుడగుడ మాత్రం చాలావరకు లోపలికి వచ్చేస్తుంది.

ఇక మిగిలింది మా పడగ్గది ఎదుటి స్పీడ్ బ్రేకర్. వచ్చే మీటింగు ఎజెండాలోంచి సెక్రటరీ గారు ఆ అంశం తీసేశారని తెలిసింది. మళ్లీ పెట్టించాను, పాత మినిట్స్ కాపీ జతచేసి.