ఎల్క్ వేట కత్తులు పట్టుకుని పాడేరు మీదుగా అరకు

మా బావ డెన్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు, సెప్టెంబర్ వచ్చిందంటే మాత్రం లీవ్ పెట్టేసి విల్లు భుజానికేసుకుని కొలరాడో కొండల్లోకి ఎల్క్ అనే పెద్ద జింక వేటకి పోతాడు, అక్కడ లైసెన్సు ట్యాగూ తీసుకుని సీజన్లో వేటాడితే తప్పేం లేదు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ఉంది కదా, కుందేలుని కొట్టినా కేసే. అందుకే ఈసారి వైజాగ్ వచ్చి లగేజీలోంచి ఆ వేట కిట్ బయటికి తీస్తే నాకు ఆశ పుట్టింది వేట మీద కాదు, కిట్ మీద. చలికాలం వస్తే ఏజెన్సీలో టెంట్లు వేసుకుని తిరిగే బ్యాచ్ మాది, మా ఆయుధం ఏంటంటే వంటింట్లో ఉల్లిపాయలు కోసే కత్తి న్యూస్‌పేపర్లో చుట్టి రబ్బరు బ్యాండ్ వేసింది. నాక్కూడా ఒక సెట్టు చేసుకోవాలి, ఏం కొనాలో చెప్పు బావా అన్నాను. కారెక్కు, దారిలో చెప్తా అన్నాడు.

కిట్ చూస్తే ముందు నిరాశే. వేట కత్తి అంటే మనకి ఏదో జానెడున్నర అలుగు, వెనకాల రంపం పళ్ళు, అలాంటి బొమ్మ ఉంటుంది కదా బుర్రలో. ఇక్కడ చూస్తే నారింజ రంగు పిడితో హావలాన్ అని మడత కత్తి ఒకటి, దానికి విడి బ్లేడ్ల ప్యాకెట్టు, నాలుగంగుళాల స్వీడన్ మోరా కత్తి ఒరలో ఒకటి, సాన పట్టుకోడానికి పెన్సిలంత సిరామిక్ కడ్డీ, జపాన్ మడత రంపం, చిన్న కటింగ్ ప్లేయరు. అంతే. ఇంతోటి దానితో ఎల్క్ కోస్తావా, మన కణితి కన్నా పెద్దది కదా అంటే, మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుందిరా, కోసేది ఈ రెండున్నర అంగుళాల బ్లేడుతోనే అన్నాడు.

పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కెళ్ళాం, నా సెట్టుకి ఏమైనా దొరుకుతాయేమోనని. అక్కడ హార్డ్‌వేర్ షాపుల్లో బావకి పండగే, కొబ్బరి బొండాల కత్తి దగ్గర్నుంచి చేపల కత్తిపీట దాకా ప్రతిదీ ఎత్తి వేలితో పదును చూడ్డమే. తోటపనికి వాడే ఫాల్కన్ మడత రంపం ఒకటి తీసుకున్నాం, పన్లో పనిగా అంగుళానికి 24 పళ్ళుండే హ్యాక్సా బ్లేడు కూడా. ఇదెందుకు అంటే తర్వాత తెలుస్తుంది అన్నాడు. షాపాయన తొమ్మిదంగుళాల పైన ఉన్న బాకు లాంటిదొకటి చూపించబోతే బావ వద్దన్నాడు, నేనూ వద్దన్నాను, ఆర్మ్స్ రూల్స్‌లో అలుగు 9 అంగుళాల కన్నా పొడవో 2 అంగుళాల కన్నా వెడల్పో ఉండి అది ఇంటికో వ్యవసాయానికో చేసింది కాకపోతే ఆయుధాల లెక్కలోకి పోతుంది, గంజాయి చెకింగులు జరిగే రోడ్డులో అలాంటిది డిక్కీలో పెట్టుకుని తిరగడం అవసరమా.

పెందుర్తి, సబ్బవరం దాటాక రోడ్డు కాస్త ఖాళీ అయింది, అక్కణ్ణుంచి మాడుగుల దాకా బావ క్లాసే క్లాసు. కారు దగ్గరున్న వేటకి ఏ కత్తి అయినా పర్లేదంట, డిక్కీలో గొడ్డలి కూడా వేసుకోవచ్చు. రోడ్డుకి ఏడెనిమిది కిలోమీటర్ల లోపల జంతువు పడితే మాత్రం మాంసం మొత్తం వీపు మీదే రావాలి, ఎముకలు తీసేసినా వంద కిలోల చిల్లర ఉంటుంది, నాలుగైదు ట్రిప్పులు, అప్పుడు బ్యాగులో ప్రతి వంద గ్రాములూ గుర్తొస్తాయి. అందుకని అక్కడోళ్ళు పొట్ట చీల్చకుండానే పక్కకి పడుకోబెట్టి కోసేస్తారు, పైన చర్మం వొలిచి ముందు కాలు ఎత్తి కోస్తే వచ్చేస్తుంది, ఎందుకంటే ముందు కాలికి ఒంటితో ఎముక జాయింటు ఉండదు, కండ పట్టుకుని ఉంటుందంతే. వెనక కాలికి తుంటి దగ్గర గుండ్రటి జాయింటు, కత్తి మొన దాన్లోకి పోనిచ్చి నరం తెంపితే ఊడొస్తుంది. తర్వాత వీపు కండ, పక్కటెముకల వెనకనుంచి చెయ్యిపెట్టి లోపలి మెత్తటి కండ, అయిపోయింది, తిప్పి రెండో పక్క. ఇందులో రంపం ఎక్కడైనా వచ్చిందా అని అడిగాడు. రాలేదు.

మరి మోసేదెందుకు అంటే, పూర్వం కటి ఎముక చీల్చడానికి మోసేవాళ్ళు, ఇప్పుడు కొమ్ములు పుర్రె ముక్కతో సహా తెచ్చుకోవాలంటేనే పని, లేదంటే కట్టెలకి. పైగా జింక జాతికి వచ్చే ఒక రోగం ఉందంట, సీడబ్ల్యూడీ అంటారు, 1967లో కొలరాడోలోనే మొదట బయటపడింది, దాని సరుకంతా మెదడులోనూ వెన్నుపాములోనూ ఎక్కువ ఉంటుంది కాబట్టి వెన్నెముకని రంపంతో కొయ్యొద్దని అక్కడ వేట శాఖలే చెప్తాయి. కోస్తే ఆ పొడి మాంసం నిండా పడుతుంది మరి.

మాడుగులలో హల్వా కొన్నాం, అది లేకుండా ఘాట్ ఎక్కితే మా ఇంట్లో ఊరుకోరు.

ఘాట్ కింద చెక్‌పోస్టులో ఆపారు. కానిస్టేబుల్ గారు కిట్ జిప్పు తీసి ఆ సన్న బ్లేడ్లు చూసి "ఇదేటి బాబూ, ఆపరేషన్ సామానా, డాక్టర్లేటి మీరు" అన్నారు. బావ నవ్వేసి క్యాంపింగ్ సార్ అన్నాడు. నిజానికి ఆయనన్నదే కరెక్టు, ఆపరేషన్ బ్లేడ్ల బాపతే అవి, పట్టుకుంటే భయమేసేంత పదును. మొండిపోతే సాన పట్టే పనిలేదు, ఊడపీకి కొత్తది తగిలించడమే, డజను బ్లేడ్లు జేబులో ఉన్నట్టు కూడా తెలీదు. దాని జబ్బు దానికుంది, జాయింటులో పెట్టి పక్కకి మెలిపెట్టావా టప్ మని విరుగుతుంది, విరిగిన ముక్క మాంసంలో ఉండిపోతే ఎవడి పంటి కిందకో వస్తుంది. మార్చేటప్పుడు వేళ్ళకి కొవ్వు అంటి జారుతుంది కాబట్టి ప్లేయరుతోనే మార్చాలి, అది మర్చిపోయి చేత్తో లాగి ఆస్పత్రి పాలైన వాళ్ళు బోల్డు మందంట. అందుకే జంట, చర్మానికి హావలాన్, జాయింట్లకి మోరా. పిడి నారింజ రంగు ఎందుకంటే చీకట్లో గడ్డిలో పడితే కనపడాలి కదా, తలకి లైటు పెట్టుకుని కోసే పని అది. మన షాపుల్లో అందంగా ఉంటాయని చెక్క పిడులు, మిలిటరీ రంగు పిడులు ఎగబడి కొంటాం.

అమ్మవారి పాదాల దగ్గర ఆగి దణ్ణం పెట్టుకుని ఎక్కేశాం. పాడేరులో రాత్రి పడుకుని తెల్లారకముందే వంజంగి కొండ. మబ్బుల సంగతి అందరూ రాసేశారు, ఫోటోలూ చూసే ఉంటారు, నేను చెప్పేదొకటే, ఆ బురద మెట్ల మీద చెప్పులతో రావొద్దు, మబ్బుల కన్నా జనమే ఎక్కువ ఉన్నారు ఆ రోజు.

అసలు సరుకు మాత్రం అరకు దారిలో సంతలో దొరికింది. అడ్డాకులు, పసుపు, ఎండు చేపలు దాటుకుని చివర్లో ఒకాయన గోనె పరుచుకుని కత్తులు పెట్టుకున్నాడు, కాఫీ తోటల్లో కొమ్మలు కొట్టే కత్తులు, కక్కు కొడవళ్ళు, పిడిలేని గొడ్డళ్ళు. ఒక చిన్న కత్తి ఎత్తాను, జానెడు కూడా లేదు, అలుగు మీద సుత్తి దెబ్బల గుంటలు అలాగే ఉన్నాయి, మొన దగ్గర మాత్రం ఆకురాయితో రుద్దిన సన్నగీతలు తళతళ. ఇనుము ఏంటని అడిగితే "లారీ కమాన్ పట్టీ బాబూ, అరగదు" అన్నాడు. ఎర్రగా కాల్చి కొట్టి నీళ్ళలో ముంచుతారట, పదును పోతే వాగులో రాయి చాలంట. బావ దాన్ని గోటి మీద పెట్టి చూశాడు, తర్వాత చేతి మీద వెంట్రుకలు గీశాడు, ఊడాయి. ఇంకేముంది, ఇద్దరం చెరోటి. బేరం ఆడబోతే బావే ఆపాడు, అక్కడ దీనికి వంద డాలర్లు చెప్తార్రా నోర్ముయ్ అని.

ఇక్కడ కాస్త తేడా వచ్చింది మా ఇద్దరికీ. బావ మాట ఏంటంటే ఖరీదు స్టీలు, ఎస్30వీ లాంటివి, పదును చాలాసేపు ఆగుతుంది కాబట్టి ఆయనకి అదే ఇష్టం. నేనొప్పుకోను. అది మొండిపోయాక వాగు రాయికి లొంగదు, డైమండ్ రాయి కావాలి, అదొక బరువు. మామూలు కార్బన్ ఉక్కు పది నిమిషాల్లో దారికొస్తుంది. తుప్పు పడుతుంది, నిజమే, అందులోనూ బీచ్ రోడ్డుకి దగ్గరున్న మా ఇంట్లో కిటికీ ఊచలే ఆగవు, కానీ తుడిచి చుక్క కొబ్బరి నూనె రాస్తే సరి. కొండల్లో తిరిగే మనిషికి తను సొంతంగా సాన పట్టుకోగలిగిన కత్తే కత్తి, మిగతావి షోకేసుకి.

రంపం పరీక్ష అనంతగిరి వైపు బొంగు చికెన్ బండి దగ్గర. అడవిలో పచ్చి కొమ్మ మీద చెయ్యి వెయ్యడం నేరం కాబట్టి బండామెని అడిగి ఒక పచ్చి వెదురు కొనుక్కున్నాం. ముందు జపాన్ రంపం, లాగేటప్పుడే కోస్తుంది, తోసేటప్పుడు కాదు, అందుకే అలుగు అంత పల్చన. ఎండు కట్టెని క్షణంలో కోసేసింది గానీ వెదురు మీద ఆ పెద్ద పళ్ళకి పైతోలు పేళ్ళు పేళ్ళుగా లేచిపోయింది. ఫాల్కన్‌దీ అదే కథ, ఇంకాస్త మోటు. అప్పుడు తీశాడు హ్యాక్సా బ్లేడు, ఒక కొసకి గుడ్డ చుట్టి, కణుపు కింద పెట్టి మెల్లగా లాగుతుంటే తెల్లటి పొడి రాలుతూ అద్దంలా తెగింది. ఎముకకీ ఇదే రూలంట, గట్టిగా నున్నగా ఉండేదానికి సన్న పళ్ళు, పచ్చి కర్రకి పెద్ద పళ్ళు, రెండూ ఒకే రంపంతో అవుతాయని అమ్మేవాణ్ణి నమ్మొద్దు. కాకపోతే సన్న పళ్ళలో కొవ్వు ఇరుక్కుంటే బ్రష్షు పెట్టి తోముకోవాలి. ఇదంతా చూసి బండామె "ఇంతసేపేటి బాబూ" అని కత్తి అందుకుని బొంగుని తిప్పుతూ చుట్టూ నాలుగు దెబ్బలేసి విరిచేసింది. బావ మొహం చూడాలి.

నాటుకోడి మాత్రం బావే కోశాడు, తొడ జాయింటు వేలితో వెతికి మోరా మొన దింపి తిప్పితే ఎముక చప్పుడే లేదు. ఆమె మసాలా కలిపి బొంగులో కూరి అడ్డాకు మూతి పెట్టి నిప్పుల మీద తిప్పుతూ ఉంది, చుక్క నూనె లేదు, ముప్పావుగంట పట్టింది, మాడుగుల హల్వా ఆ గ్యాప్‌లోనే అయిపోయింది.

నా సెట్టు చివరికి ఏమైందంటే సంత కత్తి, దానికి ఆకురాయి ముక్క, గుడ్డ చుట్టిన హ్యాక్సా బ్లేడు, కట్టెలకి ఫాల్కన్, మొత్తం కలిపి అరకిలో చిల్లర. హావలాన్ నాకొద్దన్నాను, చర్మం వొలిచే పని మనకి లేదు. సంత కత్తి బావ చెకిన్ లగేజీలో వెళ్ళాలి, క్యాబిన్‌లో ఎలాగూ రానివ్వరు, దానికి అట్టముక్కతో ఒర చేసి టేపు చుట్టాం. తూకం వేస్తే సూట్‌కేసు లిమిట్ దాటింది. అక్క ఆవకాయ సీసా తియ్యనంటుంది, బావ కత్తి తియ్యనంటాడు, రాత్రి పదకొండు దాకా పంచాయితీ నడిచి ఆఖరికి బావ బూట్లు బయటికొచ్చాయి, అవి ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నాయి, నాకు ఒక సైజు పెద్దవి.