కణతలో పోటు, భుజంలో ముడి

ఎడమ కణతలో మొదలైన పోటు కంటి వెనక దాకా పాకేది. నాలుగు నెలలు దాన్ని తలనొప్పి అనే అనుకున్నాను. కళ్లు పరీక్ష చేయించుకుని అద్దాలు కూడా మార్చాను. ఎడమవైపు చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వస్తోందన్న సంగతి మాత్రం ఏ డాక్టరుకూ చెప్పలేదు. ఆ రెండింటికీ సంబంధం ఉంటుందని తోచనే లేదు.

ఫిజియోథెరపిస్టు వెంటనే మెడ పట్టుకోలేదు. చేతుల్లో తిమ్మిరి ఉందా, పట్టు తగ్గిందా, నడకలో తూలుడు ఉందా, జ్వరం వస్తోందా అని ఒక్కొక్కటే అడిగారు. మోచేతుల దగ్గర చిన్న సుత్తితో తట్టి చూశారు. నరం నొక్కుకుపోయిన సూచనలేవీ లేవని తేల్చుకున్నాకే చెయ్యి వేశారు.

మెడకీ భుజానికీ మధ్యనున్న కండను రెండు వేళ్లతో పట్టి మెల్లగా నొక్కారు. నొక్కింది భుజం మీద, పోటు లేచింది కణతలో! రోజూ నన్ను పీడించే నొప్పే, అచ్చం అదే. "ఇదేనండీ, ఇదే" అంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ట్రెపీజియస్ కండ పైభాగంలో బిగుసుకున్న ఇలాంటి చోటును ట్రిగ్గర్ పాయింట్ అంటారట. జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్ అనే వైద్యులు 1983లో వెలువరించిన గ్రంథంలోని బొమ్మ చూపించారు. మెడ పక్కగా, చెవి వెనక నుంచి కణతకు ఎక్కిన మరక. నా నొప్పి నడిచే దారే అది. ఆ ముడిలో అసలేం జరుగుతుందన్న దానిపై నిపుణుల్లో ఇంకా వాదన ఉందనీ దాచకుండా చెప్పారు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

ఒక్కో ముడినీ అర నిమిషం, నిమిషం నొక్కి ఉంచేవారు. ఓర్చుకోగలిగినంతే. మర్నాడు ఆ చోటు కమిలినట్టు సలిపేది, రెండో రోజుకు తేలికపడేది. మెడను టక్కుమనిపించమని ఒకసారి అడిగాను. అరుదుగానే అయినా మెడలోని రక్తనాళం లోపలి పొర చిరిగే ప్రమాదం ఉందని, నాకు అవసరం లేదని ఒప్పుకోలేదు.

అయితే ఆ హాయి మూడు రోజులు మించి నిలిచేది కాదు. నిలబెట్టింది వ్యాయామమే: గడ్డం లోపలికి లాక్కోవడం, బరువులు పట్టుకుని భుజాలు ఎగరేయడం. మొదటి రెండు వారాలు విసుగనిపించి ఎగ్గొట్టాను, నొప్పి మళ్లీ వచ్చింది. ఆరో వారానికి మెడ పూర్తిగా తిరిగింది.

ఇప్పటికీ గంటల తరబడి వంగి కూర్చుంటే ఎడమ భుజం బిగుస్తుంది. గోడకూ భుజానికీ మధ్య బంతి పెట్టి, ఆ ముడిని వెతికి, అది వదిలేదాకా ఆనుకుని నిలబడతాను.