స్టూవర్టుపురం స్టేషన్లో

చీరాలలో పిన్ని వాళ్ళింటికని విజయవాడలో పాసింజర్ ఎక్కాను. "బాపట్ల దాటాక బ్యాగు జాగ్రత్త నాన్నా, స్టూవర్టుపురం వస్తుంది" అని పిన్ని ఫోన్లో చెప్పింది. అది దొంగల ఊరని చిన్నప్పటి నుంచీ విన్న మాటే. ఆ స్టేషన్ వస్తోందంటే అమ్మ గొలుసు కొంగు కింద దాచుకునేది.

తెనాలిలో టీ కోసం దిగుతూ, ఎదురుగా ఇస్త్రీ చొక్కాలో ఉన్నాయనతో "సార్, కాస్త బ్యాగు చూస్తుంటారా" అన్నాను. ఆయన ఎవరో, ఏ ఊరో అడగలేదు.

స్టూవర్టుపురంలో ఒక పెద్దావిడ గోంగూర కట్టల బుట్టతో ఎక్కి నా పక్కన కూర్చుంది. నా చెయ్యి దానంతటదే బ్యాగు మీదికి పోయింది. పట్టీని మణికట్టుకి రెండు చుట్లు చుట్టేశాను కూడా. ఆవిడ చూసింది. ఏమీ అనలేదు. బుట్ట కాళ్ళ దగ్గరికి లాక్కుని, కాస్త అటు జరిగి కూర్చుంది. అలా జరగడం ఎన్నాళ్ళ నుంచో అలవాటైనట్టే ఉంది. ఆవిడది ఆ ఊరో, పక్క పల్లెటూరో కూడా నాకు తెలియదు. స్టేషన్ పేరు చాలింది.

ఆ ఊరి కథ తెలియనివాణ్ణి కాదు. ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి బతికిన ఎరుకల వాళ్ళు. రైళ్ళొచ్చాక ఆ బేరం దెబ్బతింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. పుట్టిన పసివాడు కూడా నేరస్థుడే అన్నట్టు లెక్క రాసి, కుటుంబాలను తెచ్చి ఇక్కడ సెటిల్‌మెంట్‌లో పెట్టారు, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చారు. ఊరికి హెరాల్డ్ స్టూవర్ట్ అనే దొర పేరు పెట్టారు. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా పోయింది. కవి జాషువా గారి కూతురు హేమలత, ఆవిడ భర్త లవణం గారు ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళో సంస్కరణ కోసం పనిచేశారు. ఇదంతా తెలిసీ పట్టీ చుట్టుకున్నాను.

మా వీధిలో ఒక కుర్రాడు బండి ఎత్తుకుపోయి దొరికితే "పాపం, సావాసం చెడగొట్టింది" అన్నాం. మాది దొంగల వీధి అని ఎవరూ అనలేదు.

చీరాలలో బుట్ట దించబోయాను. "నేను దించుకుంటాలే బాబూ" అంది ఆవిడ, నా వైపు చూడకుండానే.

ఇంటికెళ్ళగానే పిన్ని "బ్యాగు భద్రమేగా?" అంది. ఇంకెప్పుడూ ఆ మాట అనొద్దని చెప్పి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి ఆవిడ సంగతి చెప్పడం మొదలుపెట్టాను.