పడవ మీద పెళ్లి, ఒడ్డున ఎల్విస్

నిన్న రాత్రి మా ఆవిడతో కలిసి ‘బ్లూ హవాయి’ చూశాను. 1961 సినిమా, హీరో ఎల్విస్ ప్రెస్లీ. కథ పెద్దగా లేదు. మిలిటరీ నుంచి తిరిగొచ్చిన కొడుకు అనాస పండ్ల కంపెనీలో కూర్చోవాలని తల్లిదండ్రుల పట్టు. వాడికేమో టూరిస్ట్ గైడ్ అవ్వాలని, బీచ్‌లో తిరగాలని. రెండు డైలాగులు అయ్యేసరికి ఎవరో ఒకరు గిటార్ అందుకుంటారు!

తల్లిగా వేసిన ఏంజెలా లాన్స్‌బరీ, ఎల్విస్ కంటే 10 ఏళ్లు కూడా పెద్ద కాదట. హీరోకి అమ్మను వెతకడంలో హాలీవుడ్ కూడా మనలాంటిదే అన్నమాట. ఆవిడ గారాలు, కంగారు చూస్తే మాత్రం నవ్వాగదు.

‘కాంట్ హెల్ప్ ఫాలింగ్ ఇన్ లవ్’ ఈ సినిమాలోదే. ప్రపంచమంతా ప్రేయసి కోసం పాడుకునే ఆ పాటని ఇందులో హీరోయిన్ వాళ్ల అమ్మమ్మ పుట్టినరోజున, ఆమెకి ఇచ్చిన మ్యూజిక్ బాక్స్ ట్యూన్‌తో కలిసి పాడతాడు. నాకు అదే బాగా నచ్చింది.

ఒక టీనేజ్ అమ్మాయిని కొట్టి బుద్ధి చెప్పే సీన్ ఉంది. దాన్ని కామెడీ అనుకోవడం ఇప్పుడు కష్టం. ఫార్వర్డ్ చేసేశాం.

చివర్లో కొబ్బరి చెట్ల మధ్య కాలువలో పడవ మీద పెళ్లి. అది తీసింది కవాయి దీవిలోని కోకో పామ్స్ హోటల్లో. 1992 తుఫానులో అది బాగా దెబ్బతిని మూతపడింది. మా ఆవిడ అప్పటికే టికెట్ల రేట్లు చూస్తోంది, ఈ సంగతి ఇంకా చెప్పలేదు.