జయపురం గేటు దగ్గర

రైల్వే గేటు పడింది. బండి ఆపాను. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం గూడ్సు, విశాఖ వైపు. పెట్టెలు లెక్కపెడుతూ నలభై దగ్గర తప్పిపోయాను.

పక్కనే కొలిమి. కమ్మరి తాత పాత లారీ కమాను పట్టీని ఎర్రగా కాల్చి కొడవలి సాగదీస్తున్నాడు. "ఇనుమెక్కడిది తాతా?" అంటే, "తుక్కు కొట్టుది బాబూ" అన్నాడు.

ఒకప్పుడు తెలంగాణలోని కోనసముద్రం ఊరి ఉక్కు కోసం పర్షియా వర్తకులు మన కమ్మరుల గుమ్మం ముందు కూర్చునేవాళ్లు. 1960ల్లోనే ఈ బైలదిల్లా కొండల ఇనుపరాయి ఓడెక్కి జపాన్ వెళ్లింది. ఇప్పుడు ఉక్కు తయారీలో మన దేశం ప్రపంచంలో రెండోది. గర్వంగానే ఉంది. కానీ ఆ తాత చేతులు చూస్తే మనసు ఒప్పుకోవట్లేదు.

కొడవలి కొన్నాను. ఇంటికొచ్చేదాకా సంచిలో వెచ్చగానే ఉంది.